ఛాతీకి తగిలించుకునే మూడు బిళ్ళలు: టీఎల్‌డీ బ్యాడ్జిపై వాడుకరి సమీక్ష

ఫోన్లకు, మిక్సీలకు సమీక్షలు కుప్పలుగా దొరుకుతాయి. నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచి రోజూ ఛాతీకి తగిలించుకుంటున్న వస్తువు గురించి మాత్రం తెలుగులో ఒక్క సమీక్షా నా కంటపడలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

ఇది కొట్లో దొరికే సరుకు కాదు. ఆస్పత్రి చందా కడుతుంది. ప్రయోగశాల మూడు నెలలకొకసారి కొత్తది పంపి, పాతది వెనక్కి తీసుకుని, దానిమీద ఎంత రేడియేషన్ పడిందో లెక్క కట్టి చెబుతుంది. దీన్నే టీఎల్‌డీ (థర్మోలుమినిసెంట్ డోసిమీటర్, అంటే వేడిచేస్తే వెలుగు చిమ్మి మోతాదు చెప్పే సాధనం) బ్యాడ్జి అంటారు. మాది నెల్లూరు. చదువు, ఇంటర్న్‌షిప్, మొదటి ఉద్యోగం చెన్నైలో అయ్యాయి, ఇప్పటి ఉద్యోగం బెంగళూరులో. ఒక పెద్ద ఆస్పత్రి క్యాన్సర్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టును (రోగికి ఇచ్చే రేడియేషన్ మోతాదును లెక్కగట్టి సరిచూసే మనిషిని), ఆ ఆస్పత్రికి రేడియేషన్ భద్రతాధికారిని కూడా. గుండెకు స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్ నుంచి సీటీ గది దాకా ఎవరి బ్యాడ్జి ఎక్కడుందో చూసుకోవడం, గడువు ముగియగానే వసూలు చేయడం, పోగొట్టుకున్నవారి చేత కాగితం రాయించుకోవడం నా పనే. కాబట్టి ఇది పెట్టుకునే మనిషి మాట, పంచే మనిషి మాట కూడా.

ముందు వస్తువు సంగతి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ తొడుగు, వెనుక ఒక క్లిప్పు. తొడుగు విప్పితే లోపల నికెల్ పూత వేసిన అల్యూమినియం రేకు, దానికి మూడు గుండ్రని రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రం మీద బిగించిన తెల్లని బిళ్ళ. బిళ్ళ వ్యాసం 13.3 మిల్లీమీటర్లు, మందం 0.8 మిల్లీమీటర్లు. డిస్ప్రోసియం అనే లోహాన్ని అతి కొద్దిగా చేర్చిన కాల్షియం సల్ఫేటు పొడిని టెఫ్లాన్‌లో కలిపి అచ్చు వేస్తే వచ్చేది ఆ బిళ్ళ. రేకు చుట్టూ కాగితం, ఆ కాగితం మీద మన పేరు, సంఖ్య, ఏ మూడు నెలలకో ఆ వివరం. రేకును తిరగేసి పెట్టడానికి వీలులేకుండా ఒక మూల కోత పెట్టారు. ఆ కోత పెట్టినవారికి నా నమస్కారం. మా ఆస్పత్రిలో మనుషులను చూశాక అది ఎంత అవసరమో నాకు తెలిసింది.

పని చేసే తీరు ముచ్చటైనది. రేడియేషన్ తగిలినప్పుడు స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు కొన్ని ఉన్నచోటు వదిలి, లోపలి లోపాల దగ్గర చిక్కుకుపోతాయి. ప్రయోగశాలలో వేడి నత్రజని వాయువు తగలగానే అవి విడుదలై కొద్దిగా వెలుగు చిమ్ముతాయి. వెలుగు ఎంతో మోతాదు అంత. నెలలు గడిచినా ఆ లెక్క పెద్దగా కరగదు. మరి మూడు బిళ్ళలు ఎందుకు, ఒకటి చాలదా అని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అడుగుతారు. తొడుగులో మొదటి బిళ్ళ ముందు రాగి, అల్యూమినియం రేకులు అడ్డం ఉంటాయి, రెండో దాని ముందు ప్లాస్టిక్, మూడో దాని ముందు ఖాళీ కిటికీ. తక్కువ శక్తి ఎక్స్‌రే అయితే లోహం దాన్ని బాగా ఆపేస్తుంది, మిగిలిన రెండు బిళ్ళలు ఎక్కువ వెలుగుతాయి. కోబాల్టు గామా కిరణాలైతే మూడూ దాదాపు ఒకే తీరుగా వెలుగుతాయి. బీటా కణాలైతే కిటికీ దగ్గర బిళ్ళ ఒక్కటే పెద్ద గొంతు చేసుకుంటుంది. ఎంత పడిందో చెప్పడమే కాక ఏది పడిందో కూడా ఆ నిష్పత్తులను బట్టి చెబుతుందన్నమాట. బ్యాటరీ లేదు, మీట లేదు, తెర లేదు. మన దేశంలో 1975లో ఫిల్ము బ్యాడ్జీల స్థానంలోకి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) దీన్ని తెచ్చింది. అప్పటినుంచి అసలు సూత్రం మారలేదు, మార్చాల్సిన అవసరమూ నాకు కనిపించదు.

చెన్నై నుంచి బెంగళూరు వచ్చినప్పుడు ఈ బిళ్ళల విలువ ఇంకాస్త బాగా అర్థమైంది. మేము చికిత్స యంత్రం మోతాదును కొలవడానికి వాడే అయాన్ ఛాంబరుకు బయటి గాలితో సంబంధం ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం 910 మిల్లీబార్ల దగ్గర తిరుగుతుంది. ఛాంబరులో గాలి పలచబడిన మేరకు అదే కిరణానికి చెన్నైలో కన్నా పది శాతం తక్కువ చూపిస్తుంది. దిద్దుబాటు గుణకం వేయకుండా ఆ సంఖ్యను నమ్మి యంత్రాన్ని సరిచేస్తే రోగికి పదో వంతు ఎక్కువ మోతాదు పోతుంది. చెన్నైలో ఆ గుణకం ఒకటికి అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఇంటర్న్‌కు అదొక లాంఛనంలా కనిపిస్తుంది. ఇక్కడ అది 1.1 దాటి నిలబడుతుంది. పొద్దున్నే బారోమీటరు, థర్మామీటరు చూడకుండా నేను ఏ అంకెనూ రాయను. ఛాతీ మీది బిళ్ళకు మాత్రం ఈ గొడవ ఏదీ లేదు. మెరీనా ఒడ్డున ఎలా లెక్కపెట్టిందో బెంగళూరు దగ్గరి నంది కొండల మీద కూడా అలాగే లెక్కపెడుతుంది.

ఇక తప్పులు. ఈ తొడుగును తయారుచేసినవారి మనసులో చొక్కా జేబు ఉన్న మగమనిషి తప్ప మరొకరు లేరు. మా విభాగంలో సగానికి పైగా ఆడవాళ్ళమే. పంజాబీ డ్రెస్సుకు జేబు ఉండదు. మెడ అంచుకు తగిలిస్తే బరువుకు గుడ్డ కిందికి జారుతుంది, బ్యాడ్జి వెనక్కి తిరిగి కిటికీ ఒంటివైపు పడుతుంది. పైన చున్నీ వేస్తే బ్యాడ్జి దానికింద దాక్కుంటుంది. చీర కట్టుకునే సిస్టర్లు కొంగు పిన్నుకు గుచ్చుతారు, అది భుజం మీదికి పోతుంది. ఛాతీ దగ్గర, కిటికీ ముందుకు ఉండేలా పెట్టుకోవాలన్నది నియమం. ఆ నియమం పాటించడానికి నేను తెల్లకోటు మీద ఒక చిన్న జేబు విడిగా కుట్టించుకున్నాను. మా వీధి టైలరు మొదట అది పెన్ను కోసమేమో అనుకుని సన్నగా కుట్టి ఇచ్చాడు. చెన్నై ఉక్కలో క్లిప్పు తుప్పు పట్టి కోటు మీద ఎర్రటి మరకలు చేసేది, బెంగళూరులో ఆ బాధ లేదు. కాగితం చుట్టు తడిస్తే పేరు అలుక్కుపోతుంది. కోటుతోపాటు బ్యాడ్జి కూడా చాకలికి వెళ్ళిపోవడం అన్ని ఆస్పత్రుల్లోనూ జరుగుతుంది. తడిస్తే పాడయ్యే కాగితం మీద పేరు రాయడం ఎవరి తెలివో నాకు అంతుబట్టదు.

సేవ విషయానికొస్తే, పెట్టెలో వచ్చే వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఎవరూ పెట్టుకోనిది. దాన్ని కంట్రోల్ బ్యాడ్జి అంటారు. రేడియేషన్ లేని చోట, ఎండ తగలని బీరువాలో మూడు నెలలు ఉంచాలి. ప్రకృతి సహజంగా ఉండే రేడియేషన్, దారిలో పడ్డది, అన్నీ దానిమీద నమోదవుతాయి. మన బ్యాడ్జీల లెక్కలోంచి దాన్ని తీసివేస్తారు. అది పోతే, లేదా విడిగా ఆలస్యంగా పంపితే, మొత్తం పెట్టె లెక్క గందరగోళమే. కొత్త ఆస్పత్రుల్లో ఎవరో ఒకరు దాన్ని తీసుకెళ్ళి చికిత్స గది పక్కనే ఉన్న షెల్ఫులో పెడతారు. అలా పెడితే అందరి మోతాదూ తగ్గి కనిపిస్తుంది, కొన్నిసార్లు సున్నాకు కిందికి పోతుంది. మోతాదు తగ్గిందని మురిసిపోయే అధికారులను కూడా చూశాను.

పెట్టె రావడంలో ఆలస్యాలు ఉన్నాయి. నివేదిక వచ్చేసరికి ఆ మూడు నెలల్లో ఏమి చేశామో మరిచిపోయి ఉంటాము. బిళ్ళను ఒకసారి వేడిచేస్తే లెక్క తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి మరొకసారి చూసి చెప్పండి అని అడగడానికీ లేదు. ఇవన్నీ ఈ పద్ధతిలోనే ఉన్న పరిమితులు, వాటికి నేను మార్కులు తగ్గించను. తగ్గించేది సరిగ్గా నింపని చిరునామా చీటీలకు, పేరులో అక్షరం మారితే కొత్త మనిషిగా లెక్కవేసే అలవాటుకు. మా తెలుగువాళ్ళ ఇంటిపేర్లు ముందు వస్తాయి, తమిళుల తండ్రిపేరు మొదటి అక్షరం ముందో వెనకో వస్తుంది, కన్నడిగులకు ఊరిపేరు చేరుతుంది. మా ఆస్పత్రి సిస్టర్ ఒకామె ఒకే ఏడాది ఇద్దరు మనుషులుగా రేడియేషన్ తీసుకుంది.

నివేదిక ఎలా ఉంటుందంటే, నా విషయంలో దాదాపు ఎప్పుడూ సున్నాయే. ఇది నా గొప్ప కాదు. లైనాక్ (రేడియేషన్ చికిత్స ఇచ్చే యంత్రం) గది గోడలు మీటరుకు మించిన కాంక్రీటు. తలుపు తీసి ఉంటే కిరణం రాదు, మీట ఆపితే కిరణం ఉండదు. బ్యాడ్జి గుర్తించగల కనీస మోతాదు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలిన రేడియేషన్‌కు కొలమానం) ప్రాంతంలో ఉంటుంది, మేము చాలావరకు దానికింద ఉంటాము. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ మాకు పెట్టిన పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మా అమ్మకు ఈ అంకెలు చెప్పి ధైర్యం చెప్పబోతే, "సున్నా అయితే మరి ఆ బిళ్ళ పెట్టుకోవడం ఎందుకే?" అంది. నా దగ్గర సమాధానం ఉంది గాని ఫోనులో చెప్పేంత చిన్నది కాదు.

ఆ సమాధానంలో సగం హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు అందించారు. గొంతు క్యాన్సరు. రోజూ పొద్దున రైలు దిగి వచ్చేవారు. ముఖానికి ప్లాస్టిక్ ముసుగు బిగించే ముందు నా కోటు వైపు చూపించి, "ఏమిటమ్మా అది, పేరు చీటీయా?" అన్నారు.

"కాదు తాతగారూ, మా మీద ఎంత రేడియేషన్ పడుతుందో చూసే బిళ్ళ."

"మరి మాకు పెట్టరే?"

నవ్వుతూ అన్నారు గాని అది సరైన ప్రశ్న. ఆయనకు ఆ రోజు ఇచ్చేది 2 గ్రేలు, మా బ్యాడ్జి కొలతలో చెప్పాలంటే రెండు వేల మిల్లీసీవర్ట్‌లు. నా బ్యాడ్జి చూడగల కనీస మోతాదుతో పోలిస్తే ఇరవై వేల రెట్లు. అలా ముప్పయికి పైగా రోజులు. ఆయనకు బ్యాడ్జి పెట్టము. ఆయన మోతాదును కొలిచే పని మనిషికి అప్పగించారు, ఆ మనిషిని నేను. సరైన చోట ఆ 2 గ్రేలు పడాలి, పక్కనే ఉన్న లాలాజల గ్రంథి మీద, వెన్నుపాము మీద పడకూడదు. నా ఉద్యోగంలో అపాయం నా ఒంటికి వచ్చేది కాదు, నా లెక్క తప్పితే మరొకరి ఒంటికి వచ్చేది. దాన్ని చూపించే బిళ్ళ ఏదీ లేదు. ఆయనకు ఇంత చెప్పలేదు. "మీకోసం రాత్రి వేరే పెద్ద బిళ్ళ పెట్టి చూశాము" అన్నాను.

అబద్ధం కాదు. చివరి రోగి వెళ్ళేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అప్పుడు మా పని మొదలవుతుంది. రోగి పడుకునే బల్ల మీద వందలాది చిన్న డిటెక్టర్లు పొదిగిన పలకను పెట్టి, మర్నాడు మొదలుపెట్టాల్సిన ప్రతి చికిత్స ప్రణాళికనూ యంత్రం చేత ముందుగా నడిపించి చూస్తాము. కంప్యూటర్ లెక్కకు, పలక కొలిచినదానికి మధ్య తేడా మోతాదులో 3 శాతం, దూరంలో 2 మిల్లీమీటర్లు అనే గీటుతో సరిచూసి, కనీసం 95 శాతం బిందువులు కుదిరితేనే సంతకం పెడతాము. 94.1 వచ్చిన రాత్రి ఇంటికి వెళ్ళడం ఉండదు. బల్ల వంగిందా, పలక జరిగిందా, ప్రణాళికలోనే అతితెలివి ఉందా అని ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోవాలి. ఆ వేళకు హాస్పిటల్ క్యాంటీన్‌లో మిగిలేది చల్లారిన చిత్రాన్నమే. వీపు నొప్పి, కంటి మంట, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరడం, ఇవేవీ బ్యాడ్జి మీద పడవు. దీన్ని ఉత్పత్తిలో లోపంగా రాయబోయి మానుకున్నాను.

ఈ వృత్తిలో బ్యాడ్జి సంఖ్య మన జాతకం లాంటిది. ఒకసారి ఇచ్చిన వ్యక్తిగత సంఖ్య ఎన్ని ఆస్పత్రులు మారినా మారదు. జీవితకాల మోతాదంతా జాతీయ పట్టికలో ఆ సంఖ్య కిందే చేరుతుంది. ఫిజిక్స్‌తో డిగ్రీ, తరువాత మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ, లేదా ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేశాక 1962 నుంచి బార్క్ నడుపుతున్న రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా, ఆపైన గుర్తింపు ఉన్న రేడియోథెరపీ కేంద్రంలో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన భద్రతాధికారి పరీక్ష. ఇన్ని గడపలు దాటాక ఉద్యోగం. భద్రతాధికారి లేనిదే లైనాక్ నడపడానికి అనుమతి రాదు కాబట్టి చిన్న ఊళ్ళలో కొత్తగా పెట్టే కేంద్రాలు మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. వెతుక్కునేది మనల్నా, మన సర్టిఫికెట్‌నా అన్నది చేరిన మొదటి నెలలో తెలిసిపోతుంది. ఒకే ఒక్క ఫిజిసిస్టు ఉన్న చోట చేరితే సెలవు అడగడం ఒక సాహసం. బంధువుల పెళ్ళిలో ఎవరైనా "ఏమి చేస్తున్నావమ్మా" అని అడిగితే, డాక్టరు కాదు, టెక్నీషియను కాదు, మరి ఏమిటి అన్న చూపు ఇంకా వస్తూనే ఉంటుంది.

ఉద్యోగం మారేటప్పుడు పాత ఆస్పత్రి నుంచి మోతాదు వివరాలు తెచ్చుకోవాలి. నేను చెన్నైలో మొదట పనిచేసిన చోట ఆ కాగితం కోసం నెలల తరబడి తిప్పారు. మానవ వనరుల విభాగంవారికి అది ఏమిటో తెలియదు, నా తరువాత వచ్చిన భద్రతాధికారికి పాత ఫైలు ఎక్కడుందో తెలియదు. "సున్నాయే కదా మేడమ్, ఎందుకంత పట్టుదల?" అని అడిగారు. సున్నా అని కాగితం మీద ఉండాలి, అదే పట్టుదల.

ఈ వస్తువును అన్యాయంగా వాడేది ఎక్కువగా క్యాథ్ ల్యాబ్‌లో. లైనాక్ గదిలో మాకు సున్నా వస్తుంది గాని, అక్కడ రోగి పక్కనే నిలబడి ఎక్స్‌రే వెలుగులో స్టెంటు వేసే డాక్టరుకు, సిస్టరుకు నిజంగా మోతాదు పడుతుంది. లెడ్ ఏప్రాన్ కింద ఛాతీ దగ్గర పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా కొందరు పైన తగిలిస్తారు, కొందరు సొరుగులో దాచి మూడు నెలల తరువాత తళతళలాడే బ్యాడ్జి తిరిగి ఇస్తారు. సొరుగు మోతాదు సున్నా అని నివేదిక వస్తుంది, వారు సంతోషిస్తారు. ఏప్రాన్‌కు తగిలించి అదే గదిలో వదిలేసి వెళ్ళిన బ్యాడ్జికి ఎక్స్‌రే నడిచినప్పుడల్లా మోతాదు పడుతుంది. 10 మిల్లీసీవర్ట్‌లు దాటితే విచారణ. అప్పుడు నేను కూర్చుని ఆ మూడు నెలల కేసులు, ఫ్లోరోస్కోపీ (ఎక్స్‌రే నడిపి చూసిన) నిమిషాలు, తోటివారి మోతాదులు తీసి, ఇది మనిషికి తగిలిందా, గోడ కొక్కేనికి తగిలిందా అని తేల్చి రాయాలి. కడప నుంచి వచ్చిన ఒక కుర్ర టెక్నీషియన్ మాత్రం తన బ్యాడ్జిని ఏనాడూ వదలడు. గడువు రోజున నేను అడగకముందే తెచ్చి, "మేడమ్, ఈసారి నాది ఎంత?" అంటాడు. గర్భవతి అయిన సిస్టరు ఎవరైనా ముందుగా నాకు చెబితే, గర్భంలోని బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ అనే పరిమితిని బట్టి డ్యూటీ మార్చగలను. చెప్పడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం పోగొట్టడం బ్యాడ్జి పని కాదు, నాది.

ఒక సంగతి స్పష్టంగా తెలియాలి. ఇది కాపాడే వస్తువు కాదు, చెప్పే వస్తువు. అదీ ఆలస్యంగా. రేడియేషన్ వెదజల్లే గింజను రోగి ఒంట్లోకే పంపి చికిత్స చేసే బ్రాకీథెరపీ గదిలో, ఆ ఇరిడియం గింజ రోగి ఒంట్లోంచి పెట్టెలోకి తిరిగి రాకపోతే ఏమి చేయాలో మేము క్రమం తప్పకుండా అభ్యాసం చేస్తాము. ఆ నిమిషాల్లో నాకు కావలసింది జేబులో కీచుమనే ఎలక్ట్రానిక్ డోసిమీటరు, గోడమీది మానిటరు, చేతిలో సర్వే మీటరు. టీఎల్‌డీ అప్పుడు కూడా ఛాతీ మీద నోరు మూసుకునే ఉంటుంది. జేబు డోసిమీటరుకు డబ్బు ఖర్చు చేయనని మొండికేసే యాజమాన్యాలు "బ్యాడ్జి ఉందిగా" అంటే ఒప్పుకోకండి.

నా మార్కులు: బిళ్ళలకు ఐదుకు ఐదు. తొడుగుకు, క్లిప్పుకు రెండున్నర. సేవకు మూడున్నర, ఆన్‌లైన్‌లో నివేదిక చూసుకునే వీలు వచ్చాక కాస్త మెరుగైంది కాబట్టి ఆ అర. కొత్తగా చేరేవారు మీ వ్యక్తిగత సంఖ్యను మొదటి రోజే రెండు చోట్ల రాసిపెట్టుకోండి, పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, రాజీనామా ఇచ్చే ముందే మోతాదు వివరాల నకలు చేతికి తీసుకోండి. న్యూక్లియర్ మెడిసిన్‌లో సిరంజి చేత్తో పట్టుకునేవారికి ఛాతీ బ్యాడ్జి ఒక్కటే చాలదు, మణికట్టు బ్యాడ్జి కూడా అడగండి. అడిగితేనే తెప్పిస్తారు.